సున్నం వేసే నాయన, అమెరికా పెదనాయన

రూతు ఫోన్‌లో ఒక పాట పెట్టి నా చెవి దగ్గర పట్టుకున్నప్పుడు నేను సంగటి కెలుకుతున్నాను. రూతు మా పాస్టరుగారి అమ్మాయి, గిద్దలూరులో టీచరు ట్రైనింగ్ చదువుతోంది. పాటలో మాటలు ఇంగ్లీషు, నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ రెండో లైను దాటి రాగం పైకి లేచేసరికి నా చేతిలో తెడ్డు ఆగిపోయింది. అది మా నాయన పాట. ఆ రాగం ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

"ఎవురు పాడతన్నారు?" అన్నాను.

"అమెరికావాళ్ళవ్వా. ఈ పాట కట్టినాయన మీ నాయన పుట్టకముందే, ఎప్పుడో చచ్చిపోయినాడు. మరి మీ నాయనకు ఈ రాగం యాడ దొరికింది?"

"ఏమో" అన్నాను. సంగటి అడుగంటింది.

ఆ "ఏమో" అబద్ధం. ఇది రాయడానికి కూర్చోవడానికి కారణం ఆ అబద్ధమే. నేను చదివింది నాలుగో తరగతి వరకు. చుట్టాలకు ఉత్తరాలు తప్ప ఎప్పుడూ ఏమీ రాసినదాన్ని కాదు. మా చర్చిలో పాతవాళ్ళు కట్టిన పాటలన్నీ కలిపి పుస్తకం అచ్చు వేయిస్తున్నారు, పాట గురించి తెలిసినవాళ్ళు నాలుగు మాటలు రాయాలని పెట్టారు. రూతు పెన్ను, కాగితాలు తెచ్చిచ్చి, అక్షరాల తప్పులు తాను దిద్దుతానని చెప్పింది. రెండు కాగితాలు పాడుచేసి మూడోదాని మీద రాస్తున్నాను.

నాయన పాట తెలియని ఇల్లు కొమరోలు చుట్టుపక్కల మా సంఘాల్లో లేదు. మా పల్లెవాళ్ళు వానలు లేని ఏడు మూటాముల్లె కట్టుకుని గుంటూరు వైపు మిరపకాయల కోతలకు పోయేవాళ్ళు. గిద్దలూరు స్టేషన్లో రైలు కోసం కూర్చుని ఆ పాట పాడేవాళ్ళు. మొదటి చరణం ఇది:

తలుపు దగ్గరికేసి పోతన్నాం ప్రభువా
తిరిగొచ్చేదాకా ఇల్లు చూసుకో
పొయ్యిలో నిప్పార్పి పోతన్నాం ప్రభువా
మళ్ళీ రాజేసే చేతులు కాచుకో

కోతలకు పోయేటప్పుడు పాడుకోవడానికి కట్టిన పాటను తర్వాత పెళ్ళికూతుర్ని పంపేటప్పుడు పాడారు. సమాధుల దొడ్డి దగ్గర కూడా పాడారు. అర్ధవీడులో నా చెల్లెలి అత్తగారి ఊళ్ళో ఒక ముసలామె ఆ పాట పాడుతూ, "ఇది మా తాతల కాలం నాటి పాట, ఎవురు కట్టినారో తెలీదు" అని నాకే చెప్పింది. నాయన కట్టాడని చెప్తే నమ్మలేదు. నాకు కోపం రాలేదు. కట్టినవాడి పేరు పోయి పాట మిగిలిందంటే అది జనం సొత్తు అయిపోయిందన్నమాట.

మా నాయన పేరు ఇసాకు. సున్నం కొట్టడం ఆయన పని. మిగతా రోజుల్లో కూలికి పోయినా, క్రిస్మసుకు రెండు నెలల ముందు నుంచి ఆయన్ని పిలవని ఊరు ఉండేది కాదు. సున్నపు రాళ్ళను తొట్టిలో వేసి నీళ్ళు పోస్తే బుసబుసమని ఉడికేవి. ఆ ఆవిరి వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు పండగ దగ్గరికి వచ్చినట్టే ఉంటుంది. అందులో తుమ్మబంక, నీలిమందు కలిపి, గోనెపట్టలో వడగట్టి, ఈత మట్ట చివర నలగ్గొట్టి చేసిన కుంచెతో వేసేవాడు. చేతులు పగిలి నెత్తురు వచ్చేవి. ఇంటికొచ్చాక అమ్మ ఆముదం వెచ్చచేసి ఆ పగుళ్ళకు రాసేది. మాది మాత్రం ఊళ్ళో అందరి ఇళ్ళూ అయ్యాక చివరికి. ఎవరింట్లో మిగిలిన అడుగు సున్నం వాళ్ళ రంగుతోనే మా గోడకు వచ్చేది. ఒక గోడ లేత నీలం, ఒకటి పసుపు, ఒకటి తెలుపు, వాకిలి వైపుది ఆకుపచ్చ. "మన ఇంట్లో కూచుంటే నాలుగు ఇండ్లల్లో కూచున్నట్టే" అనేవాడు నాయన.

ఆయనకు చదువు రాదు. పాట మాత్రం నిచ్చెన మీదే కట్టేవాడు. కుంచె పైకి పోతే రాగం పైకి, కిందికి వస్తే కిందికి. అమ్మ గోడను చూసి చెప్పేది, ఇక్కడ ఉత్తగా కొట్టినాడు, ఇక్కడ పాట కడతా కొట్టినాడు అని. పాట కడుతూ కొట్టినచోట సున్నం మందంగా, చారలు చారలుగా ఉండేదట. సాయంత్రం సంగటిలో ఊరిబిండి పచ్చడి నంజుకుని తినేటప్పుడు ఆ రోజు తయారైన లైను మాకు వినిపించేవాడు. నేను బడి పలక మీద రాసేదాన్ని. మర్నాడు అమ్మ ఆ లైను మళ్ళీ వినకుండానే పాడగలిగితే పలక తుడిచేయమనేవాడు. అమ్మ ఎక్కడన్నా తడబడితే ఆ లైను బాగాలేదని అర్థం, మార్చేవాడు. "మీ అమ్మ నోట్లో నిలవనిది సంఘంలో నిలుస్తాదా?" అనేవాడు. అమ్మ, "నా మతిమరుపును పాట మీదికి తోస్తన్నాడు సూడు" అని నవ్వేది.

ఆ రాగం దొరికిన సంగతి అమ్మ చెప్తేనే బాగుంటుంది. నాయన చెప్తే అందులో ప్రార్థన ఎక్కువ, కథ తక్కువ. మార్కాపురంలో మిషను బంగళాకు సున్నం వేయడానికి ఇద్దరూ పోయారు. నేను అప్పుడు అమ్మమ్మ దగ్గర ఉన్నాను. అక్కడ ఒక అమెరికా దొరసానమ్మ ఒంటరిగా ఉండేది. పొద్దున కాసేపు హార్మోనియం ముందు కూర్చునేది. ఎప్పుడూ దేవుని పాటలే వాయించేదట. ఒకరోజు మాత్రం దేవుని పాట కాని పాట ఒకటి వాయించి, మధ్యలో ఆపేసి, కళ్ళు తుడుచుకుని లోపలికి పోయింది. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆపింది.

అమ్మ మాటల్లో: "మీ నాయన ఆ గది గోడకే మూడు దినాలు సున్నం కొట్టినాడు. ఒక పూత ఆరకముందే ఇంకో పూత. నేను కింద నుంచి నీళ్ళ కడవ పట్టుకోని, 'యోవ్, ఆ గోడకేమైనా పెండ్లా, ఇన్ని కోకలు కడతన్నావు?' అంటి. 'నోరు మూసుకో, ఆమె పూర్తిగా వాయించేదాకా ఈ గోడ కాదు' అనె. మూడో దినం దొరసానమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకోని చూసె. 'తమ్ముడా, ఈ గోడ నీవు ఏల ముగించుట లేదు?' అనె. మీ నాయన నిచ్చెన దిగకుండానే, 'నువ్వు పాట ముగించు అక్కా, నేను గోడ ముగిస్తా' అనె. నాకు పై ప్రాణాలు పైనే పోయినాయి. తరిమేస్తాదనుకుంటి."

తరమలేదు. ఆమె పోయి హార్మోనియం ముందు కూర్చుని పాట మొదటి నుంచి చివరిదాకా వాయించింది. తర్వాత అమ్మకూ నాయనకూ టీ ఇచ్చి, వరండాలో కూర్చోబెట్టి, ఆ పాట కట్టినాయన కథ చెప్పింది. తన అమ్మ ఆ పాట పాడుతూ తనను నిద్రపుచ్చేదని, అందుకే మధ్యలో ఆగిపోతున్నానని చెప్పిందట. ఆయన కాలానికి అమెరికాలో పాటలు కట్టడమే పనిగా పెట్టుకుని బతకాలనుకున్నవాళ్ళు లేరట, ఆయనే మొదటివాళ్ళలో ఒకడట. ఎక్కడో కూర్చుని లెక్కలు రాసే ఉద్యోగం వదిలేసి పాటల మీద పడ్డాడు. ఊళ్ళకు ఊళ్ళు ఆయన పాటలు పాడాయి. చివరికి తాగుడు, ఒంటరితనం, చిన్న వయసులోనే ఆస్పత్రిలో చావు. ఆయన ఎవరో తెలియనివాళ్ళు కూడా ఆయన పాటలు తమ ఇంటి పాటలనుకుని పాడుకున్నారు. నాయన ఆ కథ విని టీ గ్లాసు కింద పెట్టేసి అడిగాడట, "ఆయనకు పెండ్లాం బిడ్డలు ఉండారా అక్కా?" ఉన్నారు కానీ దగ్గర లేరని ఆమె చెప్పింది. ఆ రాత్రి నుంచి మా ఇంటి ప్రార్థనలో ఆయన బిడ్డలు కూడా చేరారు. వాళ్ళు కూడా ఎప్పుడో చచ్చిపోయి ఉంటారని నాయనకు తట్టలేదు.

ఇంటికొచ్చాక నాయన ఆయన్ని "మీ పెదనాయన" అనేవాడు. అన్నం ముందు, నిచ్చెన ఎక్కేముందు, కొత్త లైను కుదిరినప్పుడు, "మీ పెదనాయన ఉంటే మెచ్చుకునేవాడు" అనేవాడు. "మీ పెదనాయన రాగం పైకి తీసకపొయ్యి ఆడ్నే వదిలెయ్యడు, చెయ్యి పట్టుకోని దింపుతాడు" అనేవాడు. ఆ మాట ఎంత నిజమో రూతు ఫోన్లో విన్నాక తెలిసింది. ఆ రాగం కష్టమైంది కాదు. గొంతు లేనివాళ్ళు, కూలికి పోయి అలిసినవాళ్ళు, పళ్ళు ఊడిన ముసలివాళ్ళు కూడా పాడగలరు. అంత తేలికగా కట్టడం ఎంత కష్టమో నాయన రోజూ చెప్పేవాడు.

నేను మాత్రం నాకు నిజంగా అమెరికాలో పెదనాయన ఉన్నాడనుకున్నాను. మూడో తరగతిలో మా ఐవారు గోడకు పటం తగిలించి, మీ చుట్టాలు ఏయే ఊళ్ళల్లో ఉన్నారో చెప్పమన్నాడు. ఒకడు కంభం అన్నాడు, ఒకతె నంద్యాల అంది. నేను లేచి, "మా పెదనాయన అమెరికాలో ఉన్నాడు, పాటలు కడతాడు" అన్నాను. ఐవారు మంచివాడే. పేరేమిటని అడిగాడు. తెలియదన్నాను. ఉత్తరాలు రాస్తాడా అని అడిగాడు. రాయడన్నాను. క్లాసు మొత్తం నవ్వింది. ఆ రోజు నుంచి నా పేరు "అమెరికా" అయింది. "ఏమే అమెరికా, మీ పెదనాయన నీకు చెప్పులు పంపలేదా?" "ఏమే అమెరికా, మీ పెదనాయన కూడా సున్నమే కొడతాడా?" నాలుగో తరగతి అయ్యాక నేను బడికి పోను అని మొండికేయడానికి ఇంట్లో చెప్పిన కారణాలు వేరు. అసలు కారణం అది.

మొదటి రోజే ఏడుస్తూ వచ్చి నాయనను అడిగాను, పెదనాయన ఎప్పుడు వస్తాడని.

"యాడ వస్తాడమ్మా, మా తాత కాలంలోనే చచ్చిపోయినాడు."

"మరి పెదనాయన అని ఎందుకు చెప్పినావు?"

"దొరసానమ్మ నన్ను తమ్ముడా అనింది. ఆమె దేశంవాడు ఆయన. ఆయన కట్టిన రాగంతో నేను సంఘంలో మనిషినైతి. అన్న గాక ఇంకేమైతాడు?"

నాయనకు అది చాలా మామూలు మాట. దారిలో కలిసిన ప్రతివాణ్ణీ మామా, అన్నా, బాబాయీ అనే మనుషులం మేము. కానీ నన్ను బడిలో నవ్వులపాలు చేసిన మాట అది. నాకు ఆ చచ్చిపోయినాయన మీద పగ పుట్టింది.

బడి మానేసిన ఏడాదే, అప్పటి పాస్టరుగారు ఒక లావు నోటుపుస్తకం పంపించి, పాటలన్నీ రాయించి ఇమ్మని నాయనకు కబురు పెట్టారు. నాయన నన్ను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఈ పాట దగ్గరికి వచ్చేసరికి, "పైన రాయి" అన్నాడు. "రాగం, అమెరికాలో ఉండిన మా అన్నది. మాటలు, తమ్ముడు ఇసాకువి." నేను "ఇసాకు కట్టిన పాట" అని మాత్రం రాశాను. తర్వాత చరణాలు రాశాను. నాయన చదవమన్నాడు. నేను పుస్తకం ముఖానికి దగ్గరగా పట్టుకుని, "రాగం, అమెరికాలో ఉండిన మా అన్నది. మాటలు, తమ్ముడు ఇసాకువి" అని చదివాను. అక్కడ లేనిది చదివాను. నాయన సున్నానికి పగిలిన వేలు ఆ పై లైను మీద పెట్టి, "ఇదేనా మా అన్న గురించి రాసింది?" అని అడిగాడు. "ఆఁ" అన్నాను. ఆయన ఆ అక్షరాల మీద వేలు మెల్లగా ఆ చివర నుంచి ఈ చివర దాకా జరిపాడు. అది నాయన సొంత పేరే. ఆయనకు తెలియదు.

నాయన పోయి చాలా కాలమైంది. ఆ నోటుపుస్తకం చర్చి బీరువాలో ఉండిపోయింది. ఇప్పుడు అచ్చు వేసేది దాన్ని చూసే.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక పుస్తకం గురించి కూర్చున్నాం. రూతు పాటల పట్టీ చదివి, ఈ పాట దగ్గర ఆగి, ఫోన్‌లో ఆ ఇంగ్లీషు పాట అందరికీ వినిపించింది. ఆడవాళ్ళు రెండో లైనుకే దానితో కలిపి పాడటం మొదలుపెట్టారు, మన మాటలతో. యోబు చిన్నాయన మాత్రం పాడలేదు. ఆయన మా నాయనకు చిన్నాన్న కొడుకు, సంఘ పెద్ద. నాయన వెనక సున్నం తొట్టి మోసినవాడు. పాట అయిపోయాక ఫోన్ వైపు చూడకుండా అన్నాడు:

"మా అన్న ఒకరి సొమ్ము ఎత్తుకొచ్చినోడు కాదు. ఆ ఫోన్ కట్టెయ్యి పాపా."

"ఎత్తుకొచ్చినాడని నేను అనడంల్యా తాతా. ఈ పుస్తకం ఊరూరా పోతాది. రేప్పొద్దున ఎవురన్నా చూసి, వేరేవాళ్ళ రాగానికి ఇసాకు తాత పేరు ఏసుకున్నారంటే?"

"అనకముందే ఆ పాట తీసెయ్యండి. పుస్తకంలో లేకపోతే పాట చావదులే. అన్నను దొంగను చేసే పుస్తకం నాకొద్దు."

పాస్టరుగారు సరేనని తల ఊపారు. పట్టీలో ఆ పాట మీద గీత గీయడానికి రూతు పెన్ను మూత తీసింది. గీత పడితే నాయన పాట పోతుంది, గీత పడకపోతే నాయన మర్యాద పోతుంది. రెండూ నా చేతి రాత వల్లే. నేను లేచి నిలబడ్డాను. సంఘంలో నేను పాట తప్ప ఎప్పుడూ నోరు తెరిచినదాన్ని కాదు.

"చిన్నాయనా, ఆ రాగం ఎవురిదో నాయన చెప్పినాడు. పైన రాయమన్నాడు. నేనే రాయలేదు" అన్నాను. బడి సంగతి, నోటుపుస్తకం సంగతి, లేనిది చదివిన సంగతి, వేలు పెట్టిన సంగతి అంతా చెప్పాను. మధ్యలో ఎవరో నీళ్ళిచ్చారు.

చిన్నాయన కండువా అంచు నలిపాడు. "నిచ్చెన మీద అనేవాడు, అన్నా అన్నా అని. నేను దేవుణ్ణి పిలస్తన్నాడనుకుంటి" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "అన్నకు తెలిసినాదా, నువ్వు రాయలేదని?"

"తెలీదు."

"అయితే దొంగ నువ్వన్నమాట."

"నేనే చిన్నాయనా."

ఆడవాళ్ళ వైపు నుంచి మా పక్కింటి మరియమ్మ, "నాలుగో తరగతి చదివిందానికి ఇంత బుర్ర యాడిదిరా నాయనా" అంది. కొందరు నవ్వారు. చిన్నాయన కూడా మీసాల కింద నవ్వాడు. నాకు ఏడుపు ఆగలేదు.

ఇది జరిగాక రూతు మా ఇంటికి వచ్చి ఆ అమెరికా పెదనాయన గురించి ఫోన్‌లో ఉన్నదంతా చదివి తెలుగులో చెప్పింది. ఒక మాట చెప్పడానికి వెనకాడింది. నేను గట్టిగా అడిగితే చెప్పింది. ఆయన పాటలు కొన్ని అక్కడి నల్లవాళ్ళను ఎగతాళి చేసే వేషాల ఆటల కోసం కట్టినవట. తర్వాత తర్వాత ఆ నల్లవాళ్ళకు కూడా ఇల్లు, ఆలి, ఏడుపు ఉంటాయని తెలిసేట్టు కట్టాడట. నాకు మనసు చివుక్కుమంది. పెద్ద ఊళ్ళో నాటకాలు ఆడితే, మధ్యలో మా పల్లెవాళ్ళలా బట్టలు కట్టుకుని, మా మాట మాట్లాడి నవ్వించేవాడు ఒకడు తప్పకుండా ఉండేవాడు. నాయన అది మొదలవగానే కండువా దులుపుకుని లేచి వచ్చేసేవాడు. దొరసానమ్మ ఆ సంగతి నాయనకు చెప్పలేదు. చెప్పి ఉంటే? నిచ్చెన మీద ఉన్నవాడు దిగి వచ్చేసేవాడా, లేక అన్నకు బుద్ధి రావాలని ప్రార్థన చేసేవాడా? నాయనను ఎరిగినదాన్ని కాబట్టి చెప్తున్నాను, రెండూ చేసేవాడు. రాగాన్ని మాత్రం వదిలేవాడు కాదు. ఆ రాగంలో ఎగతాళి లేదు. మా కూలివాళ్ళు దాన్ని పాడుకుంటూ తలుపులేసి పోయారు, తలుపులు తెరుచుకుని వచ్చారు.

ఇప్పుడు సున్నం ఎవరూ వేయడం లేదు. మా ఇంటికి కూడా నా కొడుకు డబ్బాల రంగు వేయించాడు, నాలుగు గోడలూ ఒకటే రంగు. రంగువేసే పిల్లలు ఫోన్ పెట్టుకుని పని చేస్తారు, పాడరు. గోడ మీద చార పడదు. బాగానే ఉంటుంది, నున్నగా. పాత రోజులే గొప్పవని నేను అనను. ఆ రోజుల్లో నాయన చేతులకు నెత్తురు వచ్చేది. ఆ పెదనాయన పాట వినాలంటే ఒక దొరసానమ్మ ఏడుపు ఆగేదాకా గోడకు మూడు పూతలు వేయాల్సి వచ్చింది. ఇప్పుడు రూతు సంగటి ఉడికేలోపల వినిపించింది. కానీ ఆ పాట కోసం నాయన మూడు దినాలు నిచ్చెన మీద నిలబడినట్టు నేను దేనికోసమూ నిలబడలేదు.

ఆ ఆదివారం మిగిలిన సంగతి ఒకటుంది. నవ్వులయ్యాక రూతు అచ్చుకు పంపే కాగితం తీసింది. పాట పైన పెద్ద అక్షరాలతో "ఇసాకు" అని ఉంది. దాని కింద "రాగం" అని రాసి, ఆ అమెరికా ఆయన పేరు తెలుగులో రాయబోయింది.

"ఆగు పాపా" అన్నాడు చిన్నాయన. "ఎవురు పెద్ద, ఎవురు చిన్న? తమ్ముని కింద అన్న పేరు ఏస్తారా యాడన్నా?"

రూతు కాగితం పైభాగం చూసింది. నాయన పేరు పైన చోటు లేదు. నాయన పేరు మీద మెల్లగా ఒక గీత గీసి, పక్కన ఆ పెదనాయన పేరు రాసి, దాని కింద చిన్న అక్షరాలతో "మాటలు: తమ్ముడు ఇసాకు" అని రాసింది. మా నాయన పేరు ఒక లైను కిందికి దిగింది. చిన్నాయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఇప్పుడు అచ్చెయ్యండి" అన్నాడు.